నీలం వచ్చేదాకా

పొద్దున్న ఆరున్నరకే షట్టరు ముందు సీసాలు.
కూల్‌డ్రింకు సీసాలు, దగ్గుమందు సీసాలు.
ఒకసారి ఎవరో స్టీలు క్యారేజీ గిన్నెలో తెచ్చారు చెరువుని,
మూత తీస్తే అడుగున రెండు రొయ్యపిల్లలు.
రబ్బరుబ్యాండు కింద నలిగిన కాగితాలు:
పెద్దిరాజు, రెండో చెరువు, తూముకాడ.
ముసలయ్యగారి కొత్త గుంట.
ఆకివీడులో నా ఉద్యోగం ఇలా తెరుచుకుంటుంది.

డిగ్రీ ఆఖరేడు చదివే దీవెన
నిన్న వచ్చి బల్లకి ఆనుకుని అడిగింది:
"అక్కా, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేస్తే ఉద్యోగాలుంటాయా?"

ఉంటాయి, అన్నాను.
అని, కడిగిన బ్యూరెట్టునే మళ్ళీ కడుగుతూ ఉండిపోయాను.

మా బ్యాచీ పద్దెనిమిది మందిమి, దీవెనా.
ఏడుగురు పరవాడలో, జీడిమెట్లలో మాత్రల పొడి తూస్తున్నారు.
రాత్రి షిఫ్టు దిగొచ్చిన సుభాషిణిని
వాళ్ళ బుడ్డోడు వాసన చూసి
"అమ్మా, ఇవాళ ఏ మందువి?" అంటాడట.
ఒకడు బ్యాంకులో చేరాడు.
కనిపించినప్పుడల్లా మూలకాలు అప్పచెబుతాడు,
జింకు దగ్గర ఆగి, తల గోక్కుని, టీ చెబుతాడు.
ఇద్దరివి ట్యూషన్లు. మిగతావాళ్ళు తెలీదు.
నేనిక్కడ. పద్నాలుగువేలు, దసరాకో చీర.
కెమిస్టునని చెబితే పెళ్ళిచూపుల్లో
"షాపు ఏ సెంటర్లోనండీ?" అన్నారు.

ఇది కూడా చెప్పాలి నీకు.
మా ఓనరు కింద గదిలో మినరలు బస్తాలమ్ముతాడు.
మేడమీద పరీక్ష ఉచితం.
ఉచితమన్నదానికీ ఎక్కడో ధర ఉంటుంది కదా,
అది నా పెన్ను కొసన ఉంటుంది.
"పద్దెనిమిదొందలెందుకమ్మా, పన్నెండొందలని వెయ్యి,
నాలుగు బస్తాలు కదుల్తాయి," అంటాడు
కోపం లేకుండా, కాఫీ తెప్పించి మరీ.

మొదటేడాది ఒకసారి వేశాను.
పెద్దిరాజు ఎండలో బస్తాలు బండికెత్తుకుని
మేడకేసి చూసి నాకు దండం పెట్టి వెళ్ళాడు.
ఆ దండం ఇప్పటిదాకా ఏ నీళ్ళలోనూ కరగలేదు.

తరవాత వెయ్యలేదు. ధైర్యమనుకోకు.
ఫ్లాస్కు తిప్పుతుంటే నేరేడుపండు రంగు
పల్చబడి, ఊదాగా మారి, మొండికేసి,
ఇంకొక్క బొట్టు,
ఆ ఒక్క బొట్టుకి నీలం.
అది ఓనరు మాట వినదు. నా మాటా వినదు.
దాన్ని కళ్ళారా చూశాక
వేరే అంకె వెయ్యడానికి చెయ్యి బద్ధకిస్తుంది, అంతే.
నన్నెందుకు తీసెయ్యలేదంటావా,
ఈ జీతానికి ఇంకొకరు రారు.
మన లైనులో దీన్నే ఉద్యోగభద్రత అంటారు.

చుట్టూ నీళ్ళే మనకి.
అటు వెంకయ్య వయ్యేరు, ఇటు ఉప్పుటేరు,
మధ్యలో ఎవరికీ పేరు గుర్తులేని మురుక్కాలవ.
నేను తాగేది మాత్రం ఇరవై లీటర్ల టిన్ను.
ఓ మధ్యాహ్నం కరెంటు లేక, తోచక,
దాన్నీ పరీక్షించాను.
ఆ కాగితం ఇంకా సొరుగులోనే ఉంది.

ఇవాళ దీవెన మళ్ళీ వచ్చింది.
జీతం సంగతి అడగలేదు, నేనూ ఎత్తలేదు.
చున్నీ చాటు నుంచి సీసా తీసింది: వాళ్ళ పేట బోరు నీళ్ళు.
బొట్టు బొట్టుగా వదలమని బ్యూరెట్టు తనకే ఇచ్చాను.
నాలిక పంటికింద పెట్టుకుని వదిలింది.
వదిలింది, వదిలింది,
నీలం వచ్చి ఎప్పుడో వెళ్ళిపోయినా వదులుతూనే ఉంది.

"దాటేశానా అక్కా?"
"దాటేశావు."
"ఇప్పుడెలా?"
"ఫ్లాస్కు కడుగు. మొదట్నించీ చెయ్యి."

షట్టరు ముందు ఇంకా పదకొండు సీసాలున్నాయి.
వాటిలో ఒకదానికి మూతలేదు,
ఎవరో తమలపాకు చుట్టి నొక్కారు.